రోమ్ వీధుల్లో కంచు నాణేల వెంట

మంగళవారం, రోమ్

నల్గొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన రోమన్ నాణేలు వెండివి. తెలుగు నేల మీద ఇతర చోట్ల బయటపడినవాటిలో బంగారువీ ఉన్నాయి. మిరియాలకూ నూలు వస్త్రాలకూ రత్నాలకూ బదులుగా సముద్రం దాటి వచ్చిన సొమ్ము కనుక ఏ దేశంలోనైనా తూకానికి చెల్లే లోహమే ఇటు వచ్చింది. అందువల్ల రోమన్ నాణెం అనగానే మనకు పసిడి కాంతి గుర్తుకు రావడం సహజం. కాని రోమ్ నగరవాసి రొట్టె కొన్నప్పుడు, గిన్నెడు ద్రాక్షసారా తాగినప్పుడు, స్నానశాల గడప దాటినప్పుడు చేతులు మారినవి రాగి, ఇత్తడి, కంచు నాణేలు. వాటి మీద ఏ బొమ్మలు వేశారో, ఆ బొమ్మల్లోని కట్టడాలలో ఏవి నేటికీ నిలిచి ఉన్నాయో చూడటానికే ఈ యాత్ర పెట్టుకున్నాను. వీలైనంత వరకు మ్యూజియంలో నాణెం చూసిన తరువాత అది చూపించే స్థలానికి నడిచి వెళ్ళాలన్నది నా పద్ధతి.

టెర్మిని రైల్వే స్టేషనుకు దగ్గరలోనే ఉన్న పలాజ్జో మాస్సిమో భవనం రోమన్ జాతీయ మ్యూజియంలో ఒక భాగం. చాలామంది సందర్శకులు అలసి కూర్చున్న కంచు ముష్టియోధుడి విగ్రహాన్నీ, పైఅంతస్తులోని తోట చిత్రాలు గీసిన గోడలనూ చూసి తిరిగి వెళ్ళిపోతారు. నాణేల విభాగం నేలమాళిగలో ఉంది కనుక అక్కడ రద్దీ ఉండదు. ఇటలీ రాజు మూడో విక్టర్ ఇమ్మాన్యుయేల్ 1946లో గద్దె దిగుతూ జాతికి అప్పగించిన లక్షకు పైగా నాణేల సేకరణ ఇక్కడే ఉంది. అందులో అధికభాగం మధ్యయుగాలకూ ఆధునిక కాలానికీ చెందినది. దానిని త్వరగా దాటి ప్రాచీన విభాగం దగ్గర నిలబడ్డాను.

ఆ చరిత్ర బొమ్మ లేని లోహంతో మొదలవుతుంది. తొలి కాలపు రోమన్లు ఏ ముద్రా లేని కంచు ముద్దలను తూచి ఇచ్చి పుచ్చుకునేవారు. తరువాత క్రీ.పూ. మూడో శతాబ్దంలో, ఎద్దు, ఒరలోని కత్తి, ఓడ ముక్కు వంటి బొమ్మలతో పోతపోసిన దీర్ఘచతురస్రపు కడ్డీలు వచ్చాయి. వాటిలో ఒక రకానికి ఒక వైపు ఏనుగు, రెండో వైపు ఆడపంది ఉంటాయి. క్రీ.పూ. 280-275 మధ్య గ్రీకు రాజు పిర్రస్ ఏనుగుల దళంతో ఇటలీ మీదికి వచ్చినప్పుడు, పందుల అరుపులకు ఆ ఏనుగులు బెదిరిపోయాయని ప్రాచీన రచయితలు ఒక కథ చెప్పారు. ఈ కడ్డీ ఆ సంఘటనకు జ్ఞాపికే అన్న అభిప్రాయం పండితులలో బలంగా ఉంది. నాకు కూడా అదే సబబుగా తోస్తుంది. మరే కారణంతోనూ ఆ రెండు జంతువులు ఒకే లోహం ముక్క మీదికి చేరవు.

ఆ తరువాతి గుండ్రని పోతనాణేలను చూసినవారికి మొదట కలిగేది బరువు గురించిన ఆశ్చర్యమే. ఆస్ అనే మూల నాణెం తొలుత ఒక రోమన్ పౌను తూగేది. అది దాదాపు 325 గ్రాములు, మన పాత లెక్కలో ఇరవై ఎనిమిది తులాలు. దాని ముందువైపు ముందుకూ వెనుకకూ చూసే రెండు ముఖాల జానస్ దేవుడు, వెనుకవైపు యుద్ధనౌక ముక్కు. ఆస్‌లో సగమైన నాణెం మీద సాటర్న్, మూడో వంతు మీద మినర్వా, నాలుగో వంతు మీద సింహపు తోలు కప్పుకున్న హెర్క్యులిస్, ఆరో వంతు మీద రెక్కల టోపీ పెట్టుకున్న మెర్క్యురీ. వెనుకవైపు మాత్రం అన్నింటికీ అదే ఓడ. అక్షరాలు రానివాడు కూడా విలువ పోల్చుకునేందుకు చిన్న నాణేల మీద చుక్కలు పెట్టారు. మూడో వంతుకు నాలుగు, నాలుగో వంతుకు మూడు, ఆరో వంతుకు రెండు. అంటే ఆస్‌ను పన్నెండు భాగాలు చేసి, ఎన్ని భాగాలైతే అన్ని చుక్కలు. మన పిల్లలు బొమ్మా బొరుసా అని ఎగరవేసినట్లే రోమన్ పిల్లలు తలలా ఓడలా అని అరుస్తూ ఎగరవేసేవారని రోమన్ రచయిత మాక్రోబియస్ రాశాడు. ఈ నాణెం మీద ఓడ ఎందుకని కవి ఓవిడ్ తన పండుగల కావ్యంలో జానస్ దేవుణ్ణే అడుగుతాడు. తన రాజ్యం పోగొట్టుకున్న సాటర్న్ ఓడ మీదనే ఇటలీ తీరానికి చేరుకున్నాడని దేవుడు బదులిస్తాడు. కార్తేజ్ నగరంతో సాగిన సముద్ర యుద్ధాలను తలచుకుంటే అంత దూరం వెళ్ళనక్కరలేదని నాకనిపిస్తుంది. రెండో కార్తేజ్ యుద్ధపు ఖర్చులు ఆ నాణేన్నే కుదించివేశాయి; క్రీ.పూ. 211 ప్రాంతానికి ఆస్ బరువు పౌనులో ఆరో వంతుకు దిగింది, పోత పోవడం మాని అచ్చు కొట్టడం మొదలైంది.

బుధవారం, కాపిటోలిన్ కొండ, ఫోరం

ఉదయమే కాపిటోలిన్ కొండ ఎక్కాను. కొండకు ఉన్న రెండు శిఖరాలలో ఉత్తరపు దాని మీద క్రీ.పూ. 344లో జూనో మొనేటా దేవతకు గుడి కట్టారు. ఆ గుడి పక్కనే రోమ్ తొలి టంకశాల నడిచింది. ఇప్పుడు ఆ శిఖరం మీద అరాచేలి చర్చి ఉంది. నిటారుగా ఎక్కే దాని మెట్ల మీద నిలబడి చూస్తే, టంకశాలను నగరపు కోట భాగంలోనే ఎందుకు పెట్టుకున్నారో వేరే చెప్పనవసరం లేదు. గుడి ఆనవాళ్ళుగా చెప్పే రాళ్ళు చాలా తక్కువ. ఈ కొండ మీది మ్యూజియంలోనూ నాణేల గది ఉంది, అక్కడే చాలాసేపు గడిపాను.

ఇక్కడ తొలి చక్రవర్తి అగస్టస్ చేసిన మార్పు గురించి చెప్పాలి. అంతర్యుద్ధాల కాలంలో రోమ్‌లో కంచు నాణేల ముద్రణ దాదాపు ఆగిపోయింది. క్రీ.పూ. 23 ప్రాంతంలో అగస్టస్ దానిని కొత్త ఏర్పాటుతో తిరిగి మొదలుపెట్టాడు. సెస్టెర్షియస్, దుపోండియస్ అనే పెద్ద నాణేలను ఇత్తడితో, ఆస్, క్వాడ్రన్స్ అనే చిన్నవాటిని రాగితో కొట్టించాడు. నాలుగు క్వాడ్రన్స్‌లు ఒక ఆస్, నాలుగు ఆస్‌లు ఒక సెస్టెర్షియస్, నాలుగు సెస్టెర్షియస్‌లు ఒక వెండి దెనారియస్. కొత్తగా అచ్చు దిగిన సెస్టెర్షియస్ బంగారంలా పచ్చగా మెరిసేది. ఇప్పుడు గాజు పెట్టెలో కనిపించే నలుపూ ఆకుపచ్చా కలిసిన చిలుము రంగు ఆ కాలపు మనిషి ఎరుగడు. దుపోండియస్, ఆస్ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉండటం వల్ల పసుపు, ఎరుపు రంగులే వాటిని వేరు చేసేవి. నీరో కాలం నుంచి దుపోండియస్ మీది చక్రవర్తికి కిరణాల కిరీటం పెట్టడం వాడుక అయింది. సెస్టెర్షియస్ సుమారు 25 గ్రాములు, రెండు తులాల పైమాటే. ఆ వెడల్పే చెక్కేవాడికి అవకాశమిచ్చింది. వెండి నాణెం మీద ఒక దేవత నిలబడటానికి మాత్రమే చోటుంటే, దీని మీద ఒక రేవు మొత్తం పట్టింది.

కాలిగులా చక్రవర్తి వేయించిన సెస్టెర్షియస్ ఒకటి చూడండి. ఒక వైపు అతని ముఖం, రెండో వైపు అతని ముగ్గురు చెల్లెళ్ళు అగ్రిప్పినా, డ్రుసిల్లా, జూలియా వరుసగా భద్రత, సామరస్యం, అదృష్టం అనే దేవతల రూపంలో నిలబడి ఉంటారు. బతికున్న రాజకుటుంబ స్త్రీలను పేర్లతో సహా దేవతలుగా చూపడం రోమ్‌లో అప్పటికి కొత్త. అతను హత్యకు గురైన తరువాత, క్రీ.శ. 43లో, అతని ముఖం ఉన్న కంచు నాణేలన్నీ కరిగించాలని సెనెట్ తీర్మానించింది. ఆ లోహంతో మెస్సలీనా రాణి తనకిష్టమైన నటుడికి విగ్రహాలు చేయించిందని చరిత్రకారుడు డియో ఎత్తిపొడుస్తాడు. బంగారం, వెండి జోలికి ఆ తీర్మానం పోలేదు. నగర ప్రజల చేతుల్లోని ముఖమే సెనెట్‌ను ఎక్కువ ఇబ్బంది పెట్టినట్లుంది.

కొండ దిగుతూ ఫోరం, అంటే ప్రాచీన నగరపు ప్రధాన కూడలి, వైపు చూసే చోట నీరో విజయతోరణం ఉండి ఉంటుందని ఊహించాను. అదెక్కడ నిలిచిందో చూపే రాయి ఒక్కటీ లేదు. ఇరాన్ ప్రాంతాన్ని ఏలిన పార్థియన్లతో యుద్ధం ఇంకా తేలకముందే కాపిటోలిన్ నడుమ తోరణాలు లేపుతున్నారని చరిత్రకారుడు టాసిటస్ ఎగతాళి చేశాడు. నీరో పతనం తరువాత తోరణం పోయింది, దాని రూపం సెస్టెర్షియస్‌ల మీద మిగిలింది. పైన నాలుగు గుర్రాల రథం, పక్క గూటిలో దిగంబరుడైన మార్స్ విగ్రహం దాకా లెక్కపెట్టవచ్చు. ఫోరంలో బసిలికా ఎమీలియా అనే సభాభవనం దగ్గర ఉండిన జానస్ గుడిదీ ఇదే కథ. నీరో నాణెం మీద దాని మూసిన జంట తలుపులు, పైన వేలాడే పూలదండ, రాళ్ళ వరుసలు అన్నీ స్పష్టం. రోమన్ ప్రజలకు నేల మీదా నీటి మీదా శాంతి సాధించి జానస్ ద్వారం మూసెను అని చుట్టూ అక్షరాలు. క్రీ.శ. 65 ప్రాంతపు నాణెం అది. మరుసటి ఏడు యూదయాలో తిరుగుబాటు రగిలింది.

గురువారం, కొలోసియం

మెట్రో మెట్లు ఎక్కి బయటికి రాగానే కొలోసియం ఎదురుగా నిలుస్తుంది. క్రీ.శ. 80లో టైటస్ చక్రవర్తి దీనిని ప్రారంభించాడు, ఆ వెంటనే దీని బొమ్మతో సెస్టెర్షియస్ వెలువడింది. చెక్కినవాడి నేర్పు మెచ్చదగినది. బయటి గోడను ఎదురుగా చూపిస్తూనే లోపలి వలయాన్ని పైనుంచి చూసినట్లు చూపించాడు, అందువల్ల గోడ కమానులూ, లోపల చుక్కలు చుక్కలుగా జనం తలలూ ఒకేసారి కనిపిస్తాయి. రెండో, మూడో వరుసల కమానులలో విగ్రహాలు ఉన్నాయి. నేడు ఆ కమానులు ఖాళీ గనుక ఈ చిన్న ఇత్తడి బిళ్ళ మనకు ముఖ్యమైన సాక్ష్యం. ఎడమవైపు శంకువు ఆకారంలో ఒక ఫౌంటెన్ ఉంటుంది. దాని శిథిలం ఇరవయ్యో శతాబ్దం దాకా నిలిచి ఉండేది. ముస్సోలినీ కాలంలో 1936లో ఊరేగింపుల రహదారి కోసం తీసివేశారు. దాని పునాది వలయం మాత్రం కాన్‌స్టాంటైన్ తోరణం దగ్గర కనిపిస్తుంది. రెండు వేల ఏళ్ళ కిందటి నాణెం చూపించిన దానిని మా తాతల తరం వాళ్ళు కూడా చూడగలిగి ఉండేవారు, మాకు ఆ వీలు లేదు.

పడమటి పక్కన వీనస్, రోమా దేవతల జంట ఆలయం. హేడ్రియన్ చక్రవర్తి కట్టించిన ఈ ఆలయం కాలిపోతే మాక్సెన్షియస్ చక్రవర్తి 307 తరువాత తిరిగి కట్టించి, ఆ సంగతిని తన కంచు నాణేల మీద చాటాడు. అసలు ఆలయానికి ముఖభాగంలో పది స్తంభాలు. అతని నాణేల మీద ఆరో నాలుగో ఉంటాయి. చెక్కేవాడు లెక్క తప్పాడని అనుకోకూడదు. నడుమ స్తంభాలు తొలగిస్తేనే లోపల కూర్చున్న రోమా దేవత కనబడుతుంది. నాణెం మీది కట్టడాన్ని కొలతల పటంగా చదవడం పొరపాటని, దానిని కట్టించినవాడి ప్రకటనగా చదవాలని నా అభిప్రాయం. మాక్సెన్షియస్ చిన్నతనంలోనే పోయిన తన కొడుకు రోములస్ పేర గోపురపు కట్టడం బొమ్మతో వేయించిన నాణేలు కూడా ఉన్నాయి. ఫోరంలో పచ్చని కంచు తలుపులతో నేటికీ నిలిచి ఉన్న గుండ్రని గుడిని రోములస్ గుడి అనడానికి అవి ఒక ఆధారం.

మధ్యాహ్నం శాన్ క్లెమెంటే చర్చికి వెళ్ళాను. మొదటి శతాబ్దం చివర టంకశాల కాపిటోలిన్ కొండ వదలి ఈ ప్రాంతానికి మారింది. ఇక్కడి పరిసరాలలో దొరికిన శాసనాలలో, ట్రాజన్ చక్రవర్తి కాలంలో 115వ సంవత్సరం జనవరిలో టంకశాల పనివాళ్ళు దేవతలకు చేసిన సమర్పణలు నమోదయ్యాయి. చర్చి కింద మరో చర్చి, దాని కింద రోమన్ కాలపు గోడలు ఉన్నాయి. అట్టడుగున ఉన్న పెద్ద రాళ్ళ కట్టడం టంకశాలదే అని కొందరి వాదన. ఎక్కడో గోడ వెనుక నీళ్ళు పారుతున్న చప్పుడు వినబడే ఆ తేమ గదుల్లో ఎంతోసేపు ఉండలేం. సుత్తి పట్టే పని తేలికది కాదు. 271 ప్రాంతంలో ఔరేలియన్ చక్రవర్తి మీద ఈ పనివాళ్ళు తిరగబడ్డారు, పక్కనే ఉన్న కేలియన్ కొండ మీద యుద్ధమే జరిగింది.

శుక్రవారం, ఓస్తియా

నగరపు దక్షిణ భాగంలోని పిరమిడ్ దగ్గర స్టేషనులో లోకల్ రైలెక్కితే ఓస్తియా ఆంటికా అరగంట దూరం. కాలిగులా తరువాత చక్రవర్తి అయిన క్లాడియస్ 42లో తైబర్ నదీముఖానికి ఉత్తరాన కొత్త రేవు మొదలుపెట్టాడు. ఎందుకో తెలియాలంటే తిండి గింజల సంగతి చూడాలి. కాలిగులా చనిపోయేనాటికి నగరంలో ఏడెనిమిది రోజులకు సరిపడా ధాన్యమే మిగిలిందని తత్వవేత్త సెనెకా రాశాడు. తరువాత మరొక కరవులో జనం ఫోరంలోనే క్లాడియస్ మీద రొట్టె ముక్కలు విసిరారు. ఆ రేవు బొమ్మ నీరో సెస్టెర్షియస్ మీద వచ్చింది, రోమన్ నాణేలన్నింటిలో నాకు అతి ముచ్చటైనది అదే. రెండు వైపులా వంపు తిరిగిన అలకట్టలు, పైన దీపస్తంభం చోట ఒక విగ్రహం, నడుమ తెరచాపలు ఎత్తినవీ దించినవీ రకరకాల ఓడలు, కింద చుక్కాని పట్టుకుని పక్కకు ఒరిగి పడుకున్న దేవుడు, పక్కన డాల్ఫిన్. ఓడల మీద తాళ్ళు సైతం చెక్కారు. అయితే ఈ నాణెం వెలువడింది 64 ప్రాంతంలో. అంతకు రెండేళ్ళ ముందు తుపాను వచ్చి రేవు లోపలే దాదాపు రెండు వందల ఓడలు ధ్వంసమయ్యాయని టాసిటస్ చెబుతున్నాడు. ధాన్యపు ధర పెరగకుండా చూడటమూ, ఇటువంటి నిశ్చలమైన రేవును జనం అరచేతిలో పెట్టడమూ రెండూ అప్పుడు పాలకుడికి అవసరమైన పనులే.

ఆ అలకట్టలు సరిపోక ట్రాజన్ లోపలికి షట్కోణపు రేవు తవ్వించాడు. ఒక్కో భుజం సుమారు 358 మీటర్లు. దాని బొమ్మ కూడా అతని సెస్టెర్షియస్ మీద ఆరు పలకలతో ఉంది. ఫ్యూమిచినో విమానాశ్రయంలో దిగే విమానం కిటికీ పక్కన కూర్చున్నవారికి ఆ చెరువు నేటికీ నాణెం మీది ఆకారంలోనే కనిపిస్తుంది.

ఓస్తియాలో వర్తకుల చౌకు నేల మీద నల్లని తెల్లని రాళ్ళతో పొదిగిన ఓడల చిత్రాలు చూస్తుంటే శాతవాహనుల ఓడ నాణేలు తలపుకు రాక మానవు. మన తూర్పు తీరంలో దొరికే ఆ నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ, రెండో వైపు ఉజ్జయిని గుర్తు ఉంటాయి. అవి సీసపు నాణేలు. భారతదేశంలో కంచూ సీసమూ లేవని, ముత్యాలూ రత్నాలూ ఇచ్చి వాటిని కొనుక్కుంటారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. కంచు విషయంలో అది అతిశయోక్తే. కాని పడమటి సీసం మన టంకశాలలకు చేరిందనడానికి వర్తకుల మార్గదర్శిని పెరిప్లస్ కూడా తోడ్పడుతుంది. అది రేవులలో దిగే సరుకులలో రాగినీ తగరాన్నీ సీసాన్నీ చేర్చింది. రోమన్ కంచు నాణేలు మాత్రం దక్షిణాదికి ఆలస్యంగా వచ్చాయి. కరూరు, మదురై, శ్రీలంకలలో దొరికే ఆ సన్నని రాగి బిళ్ళలు నాలుగో, ఐదో శతాబ్దాలవి.

శనివారం, రోమ్ నుంచి నేపుల్స్

రైలుకు ముందు తైబర్ ఒడ్డున ఆరా పాచిస్ చూశాను. క్రీ.పూ. 9లో అంకితమైన ఈ శాంతి వేదిక ముఖభాగం నీరో వేయించిన రాగి ఆస్‌ల మీద ఉంది. తలుపు రెక్కలు, పైమూలల అలంకారాలు నాణెం మీద ఉన్నాయి, పాలరాతిలో మిగల్లేదు. నేపుల్స్‌కు వేగపు రైలులో గంటా పదినిమిషాలు. సాయంత్రం వాన పడింది, గది దాటలేదు.

ఆదివారం, పాంపేయి

విజువియస్ అగ్నిపర్వతపు బూడిద కింద పూడిపోయిన ఈ ఊరిని పద్ధతి ప్రకారం తవ్వించిన జుసెప్పే ఫియొరెల్లీ స్వయంగా నాణేల శాస్త్రజ్ఞుడు. ఇక్కడ నాణెం బొమ్మకూ దాని కొనుగోలు శక్తికీ మధ్య దూరం లేదు. అబ్బొండాన్జా వీధిలో రాతి గట్టులో కుండలు పొదిగిన వేడి తిండి అంగళ్ళు వరుసగా ఉన్నాయి. వెటూటియస్ ప్లాసిడస్ అంగడిలో ఒక కుండలో దాదాపు మూడు కిలోల నాణేలు దొరికాయి. ఒక గోడ మీద ఎవరో రోజువారీ ఖర్చు గీసి పెట్టుకున్నారు, అందులో ఒక రోజు రొట్టెకు ఎనిమిది ఆస్‌లు, నూనెకు మూడు, ద్రాక్షసారాకు మూడు, జున్నుకు ఒకటి. ఒక ఆస్‌కు ఇక్కడ తాగవచ్చు, రెండిస్తే మేలైనది, నాలుగిస్తే ఫలెర్నియన్ ద్రాక్షసారా తాగుతావు అని మరో గోడ మీది సారా అంగడి ప్రకటన.

ఫోరం స్నానశాల దగ్గర చివరగా ఆగాను. రోమ్‌లో మామూలు మనిషి స్నానానికి ఇచ్చే రుసుము ఒక క్వాడ్రన్స్ అని కవులు హొరేస్, జువెనాల్ ఇద్దరి మాటల వల్ల తెలుస్తుంది. ఆస్‌లో నాలుగో వంతైన ఈ రాగి రేకు బొటనవేలి గోరంత, వీధిలో కింద పడితే వెతికే వారుండరు. చాలా క్వాడ్రన్స్‌ల మీద చక్రవర్తి ముఖమే వేయలేదు, పేరు మాత్రం ఉంటుంది. పదవికి వచ్చిన తొలి ఏడాదిలోనే క్లాడియస్ వేయించిన క్వాడ్రన్స్‌లలో ఒక రకం మీద త్రాసు పట్టుకున్న చెయ్యి, మరో రకం మీద మూడు కాళ్ళ మీద నిలబడిన ధాన్యపు కొలపాత్ర ఉన్నాయి. త్రాసు అర్థమేమిటన్నది పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. కొలపాత్ర విషయంలో వాదన అక్కరలేదు. నగరంలో వారం రోజుల గింజలే మిగిలిన వేళ గద్దెనెక్కినవాడు, సెస్టెర్షియస్ వంక చూసే తీరిక లేని వారికి తన ముఖానికి బదులు దానినే చూపించాడు. ఈ బొమ్మలను చక్రవర్తి స్వయంగా ఎంచేవాడా, లేక టంకశాల అధికారులే వేసేవారా అన్న పాత తగవులో నేను రెండో పక్షానికే మొగ్గుతాను. క్లాడియస్ క్వాడ్రన్స్ ఒక్కటీ ఆ పక్షాన్ని కొంచెం ఇబ్బంది పెడుతుంది.